మైల్డ్ సిగార్ మాగితే ఏమవుతుంది? క్యూబా పెట్టెలో కాలం చేసే పని

ఒకే పేరు, ఒకే సైజు ఉన్న క్యూబా సిగార్ల పెట్టెలు రెండు పక్కపక్కనే అమ్మకానికి ఉంటాయి. ఒకటి పోయినేడాదిది, రెండోది ఏడెనిమిదేళ్ల నాటిది. పాతదాని ధర బాగా ఎక్కువ. ఈ తేడా ఎప్పటి నుంచో ఉన్నా, 2022 తర్వాత దీని గురించి చర్చ పెరిగింది. క్యూబా సిగార్లను ప్రపంచమంతటా అమ్మే అబానోస్ సంస్థ ఆ ఏడాది కోహీబా, త్రినిదాద్ బ్రాండ్ల ధరలను దేశదేశాల్లో దాదాపు ఒకే స్థాయికి తీసుకొచ్చింది. దాంతో చాలాచోట్ల అవి ఒక్కసారిగా పెరిగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 27న ఇయాన్ హరికేన్ క్యూబాలో పొగాకు ఎక్కువగా పండే పినార్ దెల్ రియో మీద విరుచుకుపడి, పొగాకు ఆరబెట్టే కొట్టాలను వేల సంఖ్యలో దెబ్బతీసింది. కొత్త సరుకు దొరకడం కష్టమయ్యేసరికి పాత పెట్టెల మీదికి చూపు మళ్లింది.

దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో డ్యూటీ ఫ్రీ షాపు ముందు నిలబడ్డ మనవాళ్లకు కూడా వచ్చే సందేహం ఇది: పాతబడితే నిజంగా రుచి పెరుగుతుందా, లేక అది అమ్మేవాడి మాటా? ఘాటైన సిగార్ విషయంలో జవాబు కాస్త సులువు. కొన్నేళ్లు ఆగితే దాని పొగరు తగ్గుతుందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. చిక్కంతా మైల్డ్ సిగార్‌తోనే. పుట్టుకతోనే నెమ్మదిగా ఉన్నదాన్ని కాలం ఇంకెంత నెమ్మది చేస్తుంది? చేస్తే చివరికి ఏం మిగులుతుంది?

పులియడం, మాగడం, ముక్కిపోవడం: మూడూ ఒకటి కాదు

సిగార్ల గురించి మాట్లాడేవాళ్లు అన్నిటికీ కలిపి 'ఏజింగ్' అనేస్తారు. గందరగోళం సగం అక్కడే మొదలవుతుంది. ఈ పనులకు మన భాషలో విడివిడి మాటలున్నాయి, వాటిని వాడుకుంటే విషయం తేటపడుతుంది.

పొగాకు ఆకును తేమ చేసి, కుప్పగా పేర్చి, లోపల పుట్టే వేడితో మార్పు తెచ్చేది పులియడం. ఇది సిగార్ చుట్టక ముందే జరిగిపోతుంది. చుట్టిన సిగార్ పెట్టెలో, చల్లగా, కొద్దిపాటి తేమలో ఏళ్ల తరబడి నెమ్మదిగా మారేది మాగడం. ఆ తేమా చల్లదనమూ అదుపు తప్పినప్పుడు జరిగేది ముక్కిపోవడం. బియ్యాన్ని తలచుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కొత్త బియ్యం అన్నం ముద్ద అవుతుంది, ఏడాది దాటిన బియ్యం పొడిపొడిగా ఒదుగుతుంది, పట్టించుకోకుండా వదిలేసిన బస్తా ముక్కిన వాసన కొడుతుంది. మూడింటిలోనూ గడిచింది కాలమే, కానీ మూడూ ఒకటని ఎవరమూ అనుకోం. ఈ వ్యాసంలో చూసేది ముఖ్యంగా నడిమిదాన్ని, మాగడాన్ని.

మైల్డ్ అంటే తక్కువగా ఉండేది ఏమిటి?

సిగార్‌లో మూడు భాగాలు ఉంటాయి. లోపల నింపే ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన నునుపుగా చుట్టే తొడుగు ఆకు. స్పానిష్‌లో వీటిని వరుసగా త్రిపా, కపోటే, కాపా అంటారు. తొడుగు ఆకును గుడ్డ పందిరి కింద, ఎండ నేరుగా తగలకుండా పెంచుతారు. లోపలి ఆకులు మాత్రం ఎండలో పెరిగినవి.

ఆ లోపలి ఆకుల్లోనే బలాన్ని నిర్ణయించే కిటుకు ఉంది. మొక్క అడుగున పెరిగే ఆకు వొలాడో. పలచగా ఉంటుంది, రుచి తక్కువ, బాగా మండుతుంది. నడిమి ఆకు సెకో, పరిమళం ఎక్కువగా ఇచ్చేది ఇదే. పై ఆకు లిహేరో, ఎండంతా తనమీదే పడటంతో దళసరిగా, జిడ్డుగా, ఘాటుగా తయారవుతుంది. వొలాడో, సెకో పాళ్లు పెంచి లిహేరో తగ్గిస్తే మైల్డ్ సిగార్, లిహేరో పెంచితే ఘాటు సిగార్.

అబానోస్ సంస్థ తన బ్రాండ్లను లైట్ నుంచి ఫుల్ దాకా ఐదు మెట్లుగా చెబుతుంది. పర్తగాస్, బొలీవర్ పై మెట్టు మీద ఉంటే, ఓయో దె మోంతెర్రే కింది మెట్టు మీద, లైట్ వరుసలో ఉంది. 1865లో హోసే జెనెర్ పెట్టిన బ్రాండ్ ఇది. పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో ప్రాంతంలో సాన్ హువాన్ ఇ మార్తీనెస్ ఊళ్లో ఉన్న పొగాకు తోట పేరే దీనికీ వచ్చింది. తోట గేటు మీద ఆయన పేరు ఇప్పటికీ ఉంటుంది. ఈ బ్రాండ్‌లో ఎపిక్యూర్ నంబర్ 2 అనే సిగార్ ఎక్కువమందికి తెలుసు కాబట్టి ముందుముందు ఉదాహరణకు దాన్నే తీసుకుంటాను.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. బలం వేరు, రుచి వేరు. బలం నికోటిన్ ఒంటికి తగిలే తీరు, రుచి నాలుకకూ ముక్కుకూ తెలిసేది. పాలు ఎక్కువ పోసిన యాలకుల టీ బలంగా ఉండదు, కానీ దానికి రుచి లేదని అనలేం. మంచి మైల్డ్ సిగార్ అలాంటిది. దాని రుచులు మీగడ, ఎండుగడ్డి, దేవదారు చెక్క, పల్చటి తేనె లాంటివి, అన్నీ సన్నటి స్వరంతో పలికేవే. మాగడం గురించిన తగువంతా ఈ సన్నటి స్వరం గురించే.

పెట్టెలోకి చేరకముందే చాలా పని అయిపోతుంది

ప్రకాశం జిల్లా వైపు వాళ్లకు పొగాకు అనగానే బ్యారన్ గుర్తొస్తుంది. బ్యారన్‌లో వేడి గాలి పెట్టి ఆకును కొద్ది రోజుల్లోనే పసుపు రంగులో ఆరబెడతారు. పని త్వరగా అయిపోవడంతో ఆకులోని చక్కెర చాలావరకు అలాగే నిలిచిపోతుంది. సిగరెట్లకు కావలసింది ఆ ఆకు. సిగార్ ఆకు దారి దీనికి పూర్తిగా తిరగబడినది. క్యూబాలో ఆకులను దారంతో గుచ్చి, కర్రలకు వేలాడదీసి, గాలి ఆడే కొట్టంలో వారాల తరబడి ఆరనిస్తారు. తొడుగు ఆకుకు దాదాపు 50 రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆకు లోపల ప్రాణం నెమ్మదిగా ఆరిపోతూ తన చక్కెరను తానే తినేస్తుంది. పచ్చదనం పోయి పసుపు, ఆపైన గోధుమ రంగు వస్తుంది.

తర్వాత పులియబెట్టడం. తడిపిన ఆకును కుప్ప వేస్తారు, మన రైతులు మండె కట్టినట్టే. లోపల వేడి పుడుతుంది. వేడి మితిమీరకుండా చూస్తూ కుప్పను విప్పి మళ్లీ పేరుస్తారు. ఆకులోని మాంసకృత్తులు విరిగి అమ్మోనియాగా బయటికి వెళ్లేది ఎక్కువగా ఇక్కడే. ఆ కుప్ప దగ్గర నిలబడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. లిహేరోకు వొలాడో కంటే ఎక్కువ కాలం పులియడం, ఎక్కువ కాలం విశ్రాంతి అవసరం. అంటే మైల్డ్ సిగార్‌లో ఎక్కువ పాలు ఉండే ఆకులు చుట్టే బల్ల మీదికి వచ్చేసరికే దాదాపు సిద్ధంగా ఉన్నాయన్న మాట.

ఇక్కడే ఇంకో గందరగోళం. కొన్ని పెట్టెల మీద రెసెర్వా, గ్రాన్ రెసెర్వా, అన్యెహాదోస్ అని రాసి ఉంటుంది. రెసెర్వా అంటే చుట్టక ముందు ఆకులను కనీసం 3 ఏళ్లు నిల్వ పెట్టారని, గ్రాన్ రెసెర్వా అంటే 5 ఏళ్లని అర్థం. అన్యెహాదోస్ అలా కాదు. 2015లో మొదలైన ఈ వరుసలో సిగార్లను చుట్టేసిన తర్వాత 5 నుంచి 8 ఏళ్లు క్యూబాలోనే మాగబెట్టి అమ్మకానికి వదులుతారు. మొదటి రెండూ ఆకు వయసు, మూడోది సిగార్ వయసు. విడివిడి ఆకుగా గడిపిన 5 ఏళ్లూ, మిగతా ఆకులతో ఒకే చుట్టలో ఒదిగి గడిపిన 5 ఏళ్లూ ఒకటే ఫలితం ఇవ్వవు. రెండో పద్ధతిలో ఆకుల వాసనలు ఒకదానికొకటి పడతాయి. పులిహోర కలపగానే తిన్నా, రెండు గంటలాగి తిన్నా వేసిన దినుసులు మారవు, కానీ రుచి మారుతుంది కదా.

పెట్టెలో పోయేవీ పుట్టేవీ

చుట్టడానికి ఆకును తడిపి మెత్తబరుస్తారు. ఆ తడికి సిగార్ లోపల మళ్లీ కొంచెం పులియడం మొదలై, మిగిలిన అమ్మోనియా బయటపడుతుంది. అందుకే చుట్టి కొన్ని వారాలో నెలలో అయిన సిగార్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే యూరియా బస్తా మూతి విప్పినప్పటి ఘాటు సన్నగా తగులుతుంది. సిగార్ల వాళ్లు దీన్ని 'జబ్బు కాలం' అంటారు. ఫ్యాక్టరీలోనే సిగార్లను చల్లటి గదిలో దేవదారు అల్మారాల్లో కొంతకాలం ఉంచి ఎక్కువైన తేమను తీసేస్తారు. అయినా కొంత ఘాటు పెట్టెలోకి వచ్చేస్తుంది. మాగడంలో మొదట పోయేది ఇదే. ఇది పోవడం ఎవరికైనా లాభమే, మైల్డ్‌కైనా ఘాటుకైనా.

తర్వాత నెమ్మదించేది వగరు. లేత జామకాయ కొరికితే నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అలాంటి వగరు కొత్త సిగార్ పొగలోనూ ఉంటుంది. ఆకులోని పాలీఫినాల్స్ గాలితో కలిసి మారేకొద్దీ ఇది తగ్గుతుందని చెబుతారు. దీనికి నెలలు కాదు, ఏళ్లు కావాలి.

పోయేవాటితో పాటు పుట్టేవీ ఉన్నాయి. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటినాయిడ్లు పొగాకు ఆకులోనూ ఉంటాయి. అవి విరిగినప్పుడు పూల వాసన, తేనె వాసన, ఎండిన పండ్ల వాసన ఇచ్చే పదార్థాలు పుడతాయి. గులాబీలోనూ తేయాకులోనూ ఉండే డమాస్కినోన్ అందులో ఒకటి. ఎక్కువ భాగం ఆరబెట్టేటప్పుడూ పులియబెట్టేటప్పుడూ పుట్టేసినా, పెట్టెలో కూడా ఆ పని మందకొడిగా సాగుతుంది. పాత సిగార్‌లో తేనె, టీ డికాషన్ లాంటి రుచులు తగులుతాయని చెప్పేవాళ్ల మాటకు రసాయన శాస్త్రంలో ఈ మాత్రం ఆధారం ఉంది.

కానీ ఆ సువాసనలు తేలిగ్గా ఎగిరిపోయే రకం. అత్తరు సీసా మూత ఎంత బిగించినా ఏళ్ల మీద పలచబడినట్టు, సిగార్ నూనెలు కూడా కొద్దికొద్దిగా గాల్లో కలుస్తాయి. ఒక చేత్తో కాలం ఘాటు తీసేస్తుంది, ఇంకో చేత్తో కమ్మదనం కూడా తీసేస్తుంది. రెండు చేతులూ ఒకే వేగంతో పనిచేయవు. అసలు సంగతంతా ఆ వేగాల తేడాలో ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఈ లెక్కలోని అంకెలు ప్రయోగశాలవి కావు, విషయం ఆకారం కనపడటానికి నేను అనుకున్నవి. ఘాటు ప్రతి రెండేళ్లకూ సగమవుతుందనీ, పరిమళం ఏడాదికి 5 శాతం తగ్గుతుందనీ అనుకుందాం. ఘాటు 10 మార్కులకు దిగితే నోటికి హాయి. పరిమళం 40 మార్కుల కంటే తగ్గితే నాలుకకు ఆనదు.

బలమైన సిగార్‌కు మొదట ఘాటు 60, పరిమళం 100. దాని ఘాటు 10కి దిగడానికి 5 ఏళ్లు దాటుతుంది. పరిమళం 40కి పడిపోవడానికి దాదాపు 18 ఏళ్లు పడుతుంది. అంటే అయిదో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా పన్నెండు, పదమూడేళ్ల మంచి కాలం.

మైల్డ్ సిగార్‌కు మొదట ఘాటు 20, పరిమళం 50. ఘాటు రెండేళ్లకే 10కి దిగుతుంది. పరిమళం నాలుగేళ్ల నాలుగు నెలలకే 40కి పడిపోతుంది. మంచి కాలం రెండేళ్ల చిల్లర, అంతే.

అంకెలు మారిస్తే ఏళ్లు మారతాయి, ఆకారం మాత్రం మారదు. మైల్డ్ సిగార్‌కు వదిలించుకోవలసిన ఘాటు తక్కువ, అందుకే దాని మంచి కాలం త్వరగా మొదలవుతుంది. దాచుకోవలసిన పరిమళమూ తక్కువే, అందుకే త్వరగా ముగుస్తుంది. "సిగార్ ఎంత పాతదైతే అంత గొప్ప" అన్న మాట ఘాటు రకాలను చూసి పుట్టింది. దాన్ని మైల్డ్ రకానికి అంటగట్టడం వల్లే చాలామంది డబ్బు పెట్టి నిరాశపడుతున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. పరిమళం తగ్గడమే చూపించింది కానీ, మారడం చూపించలేదు. పరిమళం 50 నుంచి 40కి తగ్గినా, ఆ 40లో గడ్డి వాసన పోయి తేనె వాసన వచ్చి ఉంటే? పాత సిగార్లను ఇష్టపడేవాళ్లు సరిగ్గా ఇదే చెబుతారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం.

సన్నది త్వరగా మాగుతుంది, ఎందుకంటే

సిగార్ లావును రింగ్ గేజ్‌తో కొలుస్తారు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలో అదే రింగ్ గేజ్. ఎపిక్యూర్ నంబర్ 2 పొడవు 124 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 50. అంటే అడ్డంగా 19.8 మిల్లీమీటర్లు, మన రూపాయి నాణెం కంటే కాస్త తక్కువ వెడల్పు. అదే రకం మిశ్రమాన్ని 38 రింగ్ గేజ్‌తో సన్నగా చుట్టారనుకోండి. అడ్డంగా 15.1 మిల్లీమీటర్లు.

గొట్టం ఆకారంలో ఉన్న దేనికైనా, లోపలి సరుకుతో పోలిస్తే పైభాగం ఎంత అన్నది దాని అడ్డు కొలతకు తిరగబడి ఉంటుంది. 50ని 38తో భాగిస్తే 1.32. అంటే సన్న సిగార్‌లో ప్రతి గ్రాము ఆకుకూ గాలి తగిలే పైభాగం దాదాపు మూడోవంతు ఎక్కువ. అమ్మోనియా త్వరగా పోతుంది, పరిమళమూ త్వరగా పోతుంది. దీనికి తోడు, సన్న సిగార్‌లో తొడుగు ఆకు వాటా ఎక్కువ కాబట్టి రుచిలో దాని మాట ఎక్కువ చెల్లుతుంది. మైల్డ్‌గా ఉండి సన్నగానూ ఉన్న సిగార్‌కు తొందర రెండింతలు.

పెట్టె కూడా లెక్కలోకి వస్తుంది. ఓయో రకాలు కొన్ని 25, 50 చొప్పున రిబ్బన్‌తో కట్టగా కట్టి, జరిగే మూత ఉన్న చెక్క పెట్టెలో వచ్చేవి. కట్ట నడుమ ఉన్న సిగార్‌కు చుట్టూ ఉన్నవే దుప్పటి. అలాంటి పెట్టెల్లో సిగార్లు నెమ్మదిగా, నిండుగా మాగుతాయని సేకర్తలు పట్టుబట్టి చెబుతారు. పైన చూసిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి నాకది నమ్మశక్యంగానే ఉంది.

ఇక వాతావరణం. క్యూబా సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం సరిపడతాయని వాడుక. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం తేమ 30 శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. ఆ గాలిలో సిగార్ మాగదు, ఎండిపోతుంది. ఆకులోని నూనెలు తేమతో పాటే పోతాయి, తర్వాత ఎంత తేమ పెట్టినా తిరిగి రావు. విశాఖలో వానాకాలం దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ భయం బూజుతో. పాత సిగార్ మీద కనిపించే తెల్లటి పొడిని చూసి, నూనె పైకి తేలి మెరుస్తోందని మురిసిపోతుంటారు. చాలాసార్లు అది బూజే.

వేడి పెరిగితే ఇంకో శత్రువు లేస్తుంది, పొగాకు పురుగు. గోధుమ రంగులో ఆవగింజంత ఉంటుంది, శాస్త్రీయంగా లాసియోడెర్మా. నిల్వ ఉంచిన పసుపు కొమ్ముల్లో గుండుసూది బెజ్జాలు పెట్టి లోపలంతా పిండి చేసే పురుగు ఇదే. సిగార్‌లోనూ అదే బెజ్జం పెడుతుంది. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు వ్యాపారులకు తెలిసిన బాధే హవానా గోదాములదీను.

మూడు వాదనలు

మైల్డ్ సిగార్‌ను మాగబెట్టాలా అన్న దాని మీద ముఖ్యంగా మూడు పక్షాలు ఉన్నాయి.

మొదటివాళ్లు తాజాదనం పక్షం. క్యూబాలో రైతులూ చుట్టేవాళ్లూ అప్పుడప్పుడే చుట్టినదాన్ని కాల్చేస్తారు. ఆకు సరిగా పులిసి ఉంటే, మైల్డ్ మిశ్రమానికి పెట్టెలో పోగొట్టుకోవడమే తప్ప సంపాదించుకునేది లేదని వీళ్ల మాట. వొలాడో, సెకో త్వరగా సిద్ధమవుతాయన్నది వీళ్లకు అనుకూలించే విషయం. కానీ తయారీ మీద ఒత్తిడి పెరిగిన కాలంలో ఆకుకు పూర్తి విశ్రాంతి దొరకకుండానే బల్ల మీదికి వస్తే ఈ వాదన నిలవదు. ఫ్యాక్టరీ చేయవలసిన పనిని అప్పుడు పెట్టె చేయాల్సి వస్తుంది.

రెండోవాళ్లు ఓపిక పక్షం. డేవిడాఫ్ పేరుతో క్యూబాలో చుట్టిన సిగార్లను వీళ్లు సాక్ష్యంగా చూపిస్తారు. 1990ల మొదట్లోనే ఆ తయారీ ఆగిపోయింది. ఘాటుకు పేరుపడ్డవి కావు అవి, సున్నితమైన రుచికి పేరుపడ్డవి. అయినా ముప్పై ఏళ్లు దాటిన పెట్టెలు ఇప్పటికీ వేలంపాటల్లో పెద్ద ధర పలుకుతున్నాయి. అన్యెహాదోస్ వరుసకు అబానోస్ సంస్థే ఓయో దె మోంతెర్రే లాంటి లైట్ బ్రాండ్‌ను కూడా ఎంచుకుంది కదా అంటారు. ఇది బలమైన మాటే. అయితే ఒకటి చూడాలి. వేలంలో పలికే ధర అరుదైనదానికి, రుచికి కాదు. ఇన్నేళ్లు నిలిచి మన దాకా వచ్చిన పెట్టెలు బాగా భద్రపరిచినవే అయి ఉంటాయి. చెడిపోయిన వాటి సంగతి ఎవరూ చెప్పరు.

మూడోవాళ్లు అనుమానం పక్షం. పాతదని తెలిస్తే నాలుక ముందే తలొంచుతుంది అంటారు వీళ్లు. మైల్డ్ సిగార్‌లో తేడాలు సన్నగా ఉంటాయి కాబట్టి ఊహకు చోటు ఇంకా ఎక్కువ. ఇందులో నిజం ఉంది. కానీ ఇదంతా ఊహే అనడం కూడా సరికాదు. అమ్మోనియా పోవడం, రంగు ముదరడం, నూనె తగ్గడం కళ్లకూ ముక్కుకూ తెలిసే మార్పులే.

నా మటుకు నాకు మొదటి రెండు పక్షాలూ తలో కాలం గురించి మాట్లాడుతున్నట్టు తోస్తుంది. మొదటి ఏడాదిలో ఏం జరుగుతుందో ఓపిక పక్షం బాగా చెబుతుంది. పదేళ్ల తర్వాత ఏం పోతుందో తాజాదనం పక్షం బాగా చెబుతుంది. తగువు నిజంగా ఉన్నది నడుమ ఉన్న ఆ ఏళ్ల గురించే. అక్కడ సైజు, పెట్టె, నిల్వ చెప్పినంతగా బ్రాండ్ పేరు చెప్పదు.

అడుగున ముద్ర చెప్పే వయసు

వయసుకు ధర కట్టేటప్పుడు వయసు తెలియాలి కదా. క్యూబా పెట్టె అడుగున ఫ్యాక్టరీ కోడ్‌తో పాటు నెల, సంవత్సరం ముద్ర వేస్తారు. ఇప్పటి పెట్టెల్లో నెల పేరు స్పానిష్ పొడి అక్షరాల్లో ఉంటుంది. 'ఏబీఆర్ 18' అంటే అబ్రిల్, అంటే ఏప్రిల్ 2018.

1985 నుంచి 1990ల చివరి దాకా ఇంత తేలిగ్గా ఉండేది కాదు. 'నివెలాకుసో' అనే పదంలోని పది ఇంగ్లిష్ అక్షరాలను 1 నుంచి 9, చివర 0 గా వాడేవారు. ఎన్ అంటే 1, ఐ అంటే 2, వి 3, ఇ 4, ఎల్ 5, ఏ 6, సి 7, యు 8, ఎస్ 9, ఓ 0. పెట్టె అడుగున 'ఓఎల్ఎస్ఏ' అని ఉందనుకోండి. ఓ 0, ఎల్ 5, కాబట్టి అయిదో నెల. ఎస్ 9, ఏ 6, కాబట్టి 96. అంటే మే 1996.

ఆ తేదీ సిగార్లను పెట్టెలో సర్దిన రోజుది. చుట్టిన రోజుది కాదు, ఆకు కోసిన రోజుది అసలే కాదు. రెండు పెట్టెల మీద ఒకే నెల ముద్ర ఉన్నా లోపలి ఆకుల వయసు వేరుగా ఉండొచ్చు.

పొగ మెత్తబడితే హాని మెత్తబడదు

మైల్డ్, మాగింది, సాఫీగా ఉంది అనే మాటలు విని చాలామంది ఇది ఒంటికి కూడా తేలికేమో అనుకుంటారు. ఈ మాటలు రుచి గురించి చెప్పేవి మాత్రమే. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ, అందువల్ల మింగకపోయినా నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి వెళ్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు కారణమయ్యే పదార్థాలు కొత్తదానిలో ఉన్నట్టే పాతదానిలోనూ ఉంటాయి. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు ఆరబెట్టేటప్పుడూ పులిసేటప్పుడూ పుడతాయి, వేడిలో నిల్వ ఉంచితే పెరుగుతాయి కూడా. గొంతుకు గరగర తగ్గడం వల్ల ఇంకో దమ్ము లాగాలనిపిస్తుందే కానీ, అందులోని విషం తగ్గదు. మన కోస్తాలో చుట్ట కాల్చిన తరాల నోళ్లు చూసిన డాక్టర్లకు ఇది కొత్త సంగతి కాదు.

రెండు ఎపిక్యూర్లు, ఒక సాయంత్రం

ఆ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో రెండు ఎపిక్యూర్ నంబర్ 2 లు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకదాని పెట్టె ఏడాది దాటినది, రెండోదాని పెట్టె ఎనిమిదేళ్ల కిందటిది. రెండూ ఒకే చల్లటి అరలో ఉన్నవే.

కొత్తదాని తొడుగు మీద సన్నటి నూనె మెరుపు, వేలు పెడితే కాస్త జారుతోంది. పాతదాని రంగు ఒక ఛాయ ముదిరింది, మెరుపు పోయి పట్టు గుడ్డ వెనకవైపులా ఉంది. వెలిగించకముందు కొత్తది పశువుల కొట్టంలో ఎండుగడ్డి వాసన వేసింది, దాని అడుగున ఎక్కడో యూరియా. పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మమ్మ చీరల పెట్టె మూత తీసినట్టు చెక్క వాసన.

వెలిగించాక మొదటి అంగుళంలో కొత్తది ముక్కు పుటాల్లో చురుక్కుమంది, తర్వాత మీగడలా మారి నోరంతా నిండింది. చివరి మూడోవంతులో మిరియం, చేదు వచ్చి కలిశాయి. పాతదానిలో ఆ చురుకు మొదటి నుంచీ లేదు. పల్చటి తేనె, చల్లారిన టీ డికాషన్, అడుగున దేవదారు. ఎంత నెమ్మదిగా వచ్చిందంటే మాటలు ఆపి చూస్తే తప్ప తెలియలేదు. సగం దాటాక మూడు, నాలుగు దమ్ముల పాటు వేడి గాలి తప్ప ఏమీ అందలేదు. దీని పని అయిపోయిందనుకుని పక్కన పెట్టబోతుంటే ఆ తేనె మళ్లీ ఒక్కసారి వచ్చి, కొస దాకా చేదు లేకుండా నడిచింది.

మా మిత్రుడికి కొత్తదే నచ్చింది. నాకు ఆ నాలుగు దమ్ముల ఖాళీతో సహా పాతదే నచ్చింది. అయితే అదే పెట్టెను ఇంకో అయిదేళ్లు ఉంచుతావా అని ఆయన అడిగితే, వద్దన్నాను.